సింహధారకు పూసిన సింధూరం

సింహం ఎడమ చెంప ఎక్కువ ఎర్రగా ఉందా, కుడి చెంప ఎక్కువ ఎర్రగా ఉందా?

పౌర్ణమినాటి ఉదయం దళవాయి జయకేతుకు ఈ భూమండలం మీద ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి లేదు. శత్రుసేన వచ్చి కోటగుమ్మం తట్టినా, ‘కాస్త ఆగండి, ఈ చెంపల సంగతి తేలనివ్వండి’ అనేవాడే. ఎడమ చెంప తనది. కుడి చెంప రత్నద్వీపపు రాకుమారుడు మకరాంకుడిది. అది తన చెంపకంటే రవ్వంత ఎర్రగా కనిపిస్తోంది. జయకేతుకు కన్నుకుట్టింది. పళ్లెంలో మిగిలిన సింధూరమంతా చేత్తో తీసి మరో వరస మెత్తాడు.

అరుణగిరి కొండ నెత్తిన కట్టిన నగరం. పగడపు రంగు రాతి ప్రాకారాలూ, నెమలికన్నుల రంగుల్లో గాజు పలకలు తాపిన బురుజులూ, గాలి వీస్తే వాటంతటవే మోగే వెండిగంటల మేడలూ, మేడమేడకూ నడుమ పూలతీగలు అల్లుకున్న వంతెనలూ చూసి పరదేశులు తెరిచిన నోరు మూసేవారు కాదు. ఇంత వైభవమున్న నగరానికి తాగునీరు మాత్రం ఒక్కచోటే. కొండ కడుపులో పుట్టి, రాతిసింహం నోట్లోంచి తొట్టిలోకి దూకే సింహధార అది. ఆ నీటికి చిన్న పులుపు ఉంది. ఆ పులుపంటే నగరవాసులకు మహాగర్వం. పొరుగు రాజ్యాల నీళ్ళు ఉత్త చప్పటి నీళ్ళని వెక్కిరించేవారు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాకుమార్తె చేయి కోరి వచ్చినవాడు సింహం ముఖానికి సింధూరం పూయాలి. పైన తుంపర పడుతూనే ఉంటుంది. పౌర్ణమి చంద్రుడు ఉదయించేవేళకు ఎవడి రంగు నిలిస్తే వాడు వరుడు. తన పూతను తానే తుడుచుకున్నవాడు పిల్లమీద ఆశ వదులుకున్నట్టే. ఎదుటివాడి పూతను తాకినవాడికి మణికట్టు దాకా చెయ్యి తీసేస్తారు. పూర్వం మోదుగపూల రంగు పూసేవారు. అది కాసిని తుంపరలకే కారిపోయేది. ఎవడి రంగూ నిలవక, చివరికి పెద్దలు పిల్లనే పిలిచి ‘ఎవరు కావాలమ్మా?’ అని అడిగి ముడిపెట్టేవారు. మాంత్రికుడు తామ్రశిఖుడు ఆస్థానంలో చేరాక ఆ ఇబ్బంది తీరిపోయింది. అతని గుహలో తయారయ్యే సింధూరం నీటికి లొంగదు. అందుచేత ఇప్పుడు పిల్లను ఎవరూ అడగడంలేదు.

ఈసారి పోటీలో మిగిలినవాళ్ళు ఇద్దరే. ఒకడు చిటికెడు పూస్తే రెండోవాడు గుప్పెడు పూశాడు. గుప్పెడు చూసి మొదటివాడు పళ్లెం తెచ్చాడు. పళ్లెం చూసి రెండోవాడు బుట్ట తెచ్చాడు. ఆ ముఖం సింహానిదో పిల్లిదో పోల్చుకోలేనంతగా పేరుకుపోయింది పూత.

నగరానికి మాత్రం ఏదో అయింది. పిల్లలు ఆటలు మాని గోడలకు చేరగిలబడి కూర్చుంటున్నారు. పెద్దలు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నారు. నోరు తెరిస్తే చిగుళ్ళ అంచున నీలిగీత కనిపిస్తోంది. కొందరికి మణికట్టు దగ్గర చెయ్యి వాలిపోయి, ముద్ద కలుపుకోవడానికి కూడా వేళ్ళు లేవడంలేదు. మహారాజు విక్రాంతవర్మ నిండు సభలో చెబుతున్న మాట మధ్యలో మరిచిపోతే, పక్కనున్న తామ్రశిఖుడు దాన్ని పూర్తి చేస్తున్నాడు. మొదట్లో చివరి మాటలే అతనివి. ఇప్పుడు శాసనాలన్నీ అతనివే.

“సింహం అలిగింది. సింధూరం చాలలేదు,” అన్నాడు తామ్రశిఖుడు. జనం నమ్మారు. జయకేతు అందరికంటే ముందు నమ్మాడు.

ఎందుకు నమ్మడు? గత అమావాస్యకు రాకుమార్తె విరజ కుడిచెయ్యి కూడా వాలిపోయింది. ఎగిరే చిలకను బెదరగొట్టకుండా దాని ముక్కులోని పండును కొట్టగల విలుకత్తె ఆమె. ఆ విద్య నేర్పినవాడు జయకేతే. గుర్రాలను సాకే సాహిణి కొడుకుగా పుట్టి, కత్తిబలంతో సేనను నడిపే దళవాయి అయినవాడు. ఆమె విల్లు పట్టుకున్న తీరు చూసి మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ మనసు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ చెయ్యి బాగుపడాలి, ఆ చెయ్యి తనకే దక్కాలి. ఈ రెండు కోరికలూ ఒకటే అనుకున్నాడు పాపం.

అతను పళ్లెం కడుక్కుంటూ ఉండగా విరజ చెలికత్తె మందారిక వచ్చి, అటూ ఇటూ చూసింది.

“దళవాయిగారూ, ఒక మాట చెబుతాను. మీరు ఎగిరిపడకూడదు.”

“నేనెప్పుడు ఎగిరిపడ్డానే?” అంటూ ఎగిరిపడ్డాడు జయకేతు.

“అమ్మాయిగారు మన నీళ్ళు తాగడంలేదు. ఆ దీవి రాకుమారుడు తన ఓడలోంచి తోలుతిత్తుల్లో నీళ్ళు తెప్పిస్తున్నాడు. రోజూ దానిమ్మతోటలో ఆ నీళ్ళే తాగుతోంది. నేను చెప్పానని మాత్రం అనకండి.”

జయకేతుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమెకు నీళ్ళివ్వడానికి పరాయి దేశపువాడు కావలసివచ్చాడా? తాను చచ్చాడా? పళ్లెం అక్కడే గిరవాటేసి తోటవైపు పరుగెత్తాడు.

కాయల బరువుకు కొమ్మలు నేలకు వంగిన దానిమ్మతోట అది. ఎర్రరాతి అరుగుమీద విరజ కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒడిలో వాలిపోయి ఉంది. పక్కనే పచ్చల హారాలు ధగధగలాడుతుండగా మకరాంకుడు నిలబడి, గిన్నె తన చేత్తోనే ఆమె పెదవులకు అందిస్తున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని తాగుతోంది. ఒక చుక్క గడ్డం మీదికి జారితే అతను ఉత్తరీయం కొసతో అద్దాడు.

ఆ ఒక్క చుక్క చాలు. చెట్టుచాటునుంచి జయకేతు ఒక్క దూకు దూకి, అరుగుమీది తిత్తులను బాకుతో కుమ్మి చీల్చేశాడు. నీళ్ళన్నీ మట్టిలోకి ఇంకిపోయాయి.

విరజ లేచి నిలబడింది. “ఎంత పని చేశావు దళవాయీ! ఆ నీళ్ళు తాగినప్పటినుంచే నా కడుపునొప్పి తగ్గింది. నిన్న బొటనవేలు కదిలింది. అదైనా నీకు తెలుసా?”

“నాకెలా తెలుస్తుంది రాకుమారీ? మీ వేలు కదిలితే చూసే భాగ్యం రత్నద్వీపంవారికేగా!”

“నోరు మూసుకుని ఆయన చెప్పేది విను.”

మకరాంకుడు చీలిన తిత్తి ఎత్తి చూసి, విసిరేశాడు. “మా ద్వీపంలో సీసం కరిగించేవాళ్ళ చేతులు ఇలాగే వాలిపోతాయి. చిగుళ్ళమీద ఇదే గీత. మీ నీళ్ళలో సీసం ఉంది దళవాయీ.”

“కొండలో పుట్టిన నీటిలో సీసం ఎవడు కలిపాడు?”

మకరాంకుడు “అది నాకు తెలియదు,” అని చూపు పక్కకు తిప్పుకున్నాడు.

జయకేతు ఆ చూపును మరోలా అర్థం చేసుకున్నాడు. వీడి సింధూరం ఎర్రగా ఉండడానికి ఏదో కిటుకు ఉంది. తామ్రశిఖుడు మంచి సరుకంతా వీడికిచ్చి, తనకు నాసిరకం అంటగడుతున్నాడు. ఆ సంగతి తేల్చుకోవాలి! సీసం మాట అతని బుర్రకు ఎక్కనే లేదు. ఈర్ష్యతో నిండిన బుర్రలో ఇంకోదానికి చోటెక్కడిది?

కొండకు అవతలి పక్కన ఉంది తామ్రశిఖుడి గుహ. గుమ్మంలో కాపలా బంటులు. కట్టెలు మోసేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేదు. జయకేతు తలపాగా విప్పి మొలకు చుట్టుకున్నాడు, ఒంటికి మసి పూసుకున్నాడు, కట్టెలమోపు నెత్తికెత్తుకుని, వంగి మూలుగుతూ లోపలికి నడిచాడు. బంటులు అతని వంక చూడనేలేదు. నగరంలో తలెత్తి నడిచే దళవాయిని చూసినవాళ్ళకు ఈ మూలిగే మనిషిలో అతను కనిపించడం కష్టమే.

లోపల కళ్ళు మండే పొగ. గుహ పొడుగునా కొలిమిగట్లు, వాటిమీద ఏనుగు స్నానం చేయగలిగినంత మూకుళ్ళు. వాటిలో వెన్నెలను కరగబోసినట్టు తళతళలాడుతూ ఏదో ఉడుకుతోంది. పనివాళ్ళు దానిని కలుపుతూ కలుపుతూ ఉంటే పైన బూడిదలాంటి పొర కడుతోంది. ఆ పొరను మరో మూకుట్లో కాలిస్తే పసుపుపచ్చగా మారుతోంది. ఇంకా కాలిస్తే ఎరుపు! జయకేతు గోరింటాకు చూసిన పిల్లలా ఆ ఎరుపు చూస్తూ నిలబడ్డాడు. తరువాత పనివాళ్ళ చేతులు చూశాడు.

అందరి చేతులూ మణికట్టు దగ్గర వాలిపోయి ఉన్నాయి. గరిటెలను ముంజేతులకు తాళ్ళతో కట్టుకుని కలుపుతున్నారు.

మోపు జారి కిందపడింది. “ఇదేమిటి? ఈ ఉడికేది ఏమిటి?” అని పక్కనున్న ముసలి పనివాణ్ణి అడిగాడు.

“సీసం నాయనా. కొత్తగా వచ్చావా? ఇక్కడి నీళ్ళు మటుకు ముట్టుకోకు. ఆ మూల వాననీళ్ళ కుండ ఉంది చూడు, అది మాంత్రికుడిగారిది. ఆయన మరో చుక్క తాగడు.”

గోడపక్కన రెండు బుట్టలు ఉన్నాయి. ఒకదానికి చేప గుర్తు, ఒకదానికి జెండా గుర్తు. ఒకటి మకరాంకుడిది, ఒకటి తనది. రెండింటిలోకీ ఒకే మూకుడులోంచి తోడిపోస్తున్నారు. ఏ చెంపా ఎక్కువ ఎరుపు కాదు. ఇన్నాళ్ళూ తాను పరాయివాడి చెంపమీద చూసిన ఎరుపంతా తన కళ్ళలోదే. పులుపు నీళ్ళు ఆ పూతను కాస్తకాస్తగా కరిగించుకుని తొట్టిలోకి, తొట్టిలోంచి బిందెల్లోకి, బిందెల్లోంచి విరజ గొంతులోకి... ఆమె చెయ్యి వాల్చింది తానే.

“ఆ దీవి రాకుమారుడు కూడా వచ్చి చూసిపోయాడు,” అన్నాడు ముసలివాడు. “మా చేతులు చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అయినా బుట్ట మాత్రం పట్టుకుపోయాడు.”

అంటే వాడికి తెలుసు! తెలిసి కూడా పూస్తున్నాడు! తాను మానితే జయకేతు గెలుస్తాడని భయం. తెలిసి ఉంటే తాను మాత్రం మానేవాడా? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునే వ్యవధి లేకపోయింది. వెనకనుంచి ఎవరో పగలబడి నవ్విన చప్పుడు వినిపించింది.

“దళవాయీ! మసి పూసుకుంటే సరిపోతుందా? నువ్వు బుట్టలవంక చూసే చూపు నాకు తెలియదూ?” రాగితీగలు చుట్టిన జుట్టుముడి ఊపుతూ తామ్రశిఖుడు నిలబడి ఉన్నాడు. “ఇంకొక్క ఏడాది ఓపికపట్టు. ఈ నగరంలో ఖడ్గం ఎత్తగల చెయ్యి ఒక్కటీ ఉండదు. అప్పుడు యుద్ధం లేకుండానే సింహాసనం నాది. నేను ఎవరి నీళ్ళలోనూ విషం కలపలేదు. మీ అసూయ మీరే కలుపుకుంటున్నారు, నేను సరుకు అందిస్తున్నాను!”

అతను గుప్పెడు బూడిద విసిరి మంత్రం చదివాడు. నేలమీద చల్లారుతున్న సీసపు కడ్డీలు ఒకదానికొకటి అతుక్కుని, మెలికలు తిరిగి, తాడిచెట్టంత పాముగా లేచి పడగ విప్పాయి. జయకేతు కట్టెలమోపులో దాచి తెచ్చిన కత్తి లాగి పడగమీద వేశాడు. కత్తి సులువుగా దిగింది, తిరిగి ఊడి రాలేదు. పాము తోక విసిరితే కొలిమిగట్టు ముక్కలయింది. పనివాళ్ళు హాహాకారాలు చేస్తూ చెల్లాచెదరయ్యారు. జయకేతు కత్తి వదిలేసి, మండే నిప్పుల గుంటమీదుగా అవతలికి దూకాడు. పాము దూకలేదు. సీసానికి దూకడమేం తెలుసు? నిప్పులమీదుగానే పాకింది. సగం దూరం వచ్చేసరికి దాని కడుపు కరిగి జారింది. పడగ ఒకసారి ఊగి, వేడన్నంలో వేసిన వెన్నముద్దలా కుప్పకూలింది.

జయకేతు తలెత్తేసరికి తామ్రశిఖుడు లేడు. కొండను తొలుచుకుంటూ సింహధారదాకా పోయే సొరంగంలో దివిటీ వెలుగు దూరమవుతోంది. సొరంగం తలుపు పడిపోయింది. జయకేతు బయటికి ఉరికి, కాపలా బంటును గుర్రంమీదినుంచి లాగేసి, తానెక్కి, కొండచుట్టూ దౌడు తీయించాడు.

అతను చేరేసరికి సింహధారముందు నగరమంతా గుమిగూడి ఉంది. పొద్దు వాలుతోంది. మహారాజు పల్లకిలో కూర్చుని ఎటో చూస్తున్నాడు. పక్కన అప్పుడే వచ్చిన తామ్రశిఖుడు. విరజ పెళ్ళి పట్టుచీరలో ఉంది. వాలిన చేతికి పూలు చుట్టి కనబడకుండా చేశారు. ఎవరి రంగు నెగ్గినా, సింహం చెంపమీదుగా జారిన నీళ్ళను వరుడే వెండిగిన్నెలో పట్టి వధువుచేత తాగించాలి. అది పెళ్ళికి తొలి తంతు.

“ఎవరూ ఈ నీళ్ళు తాగకండి!” అని అరిచాడు జయకేతు. “సింధూరం సీసం! మన చేతులు వాలిపోవడానికి అదే కారణం! నా కళ్ళతో చూశాను!”

ఎవరో కిసుక్కున నవ్వారు. “ఓడిపోతానని తెలిసింది కాబోలు, దళవాయిగారు కథ అల్లుతున్నారు,” అన్నాడు తామ్రశిఖుడు. జనం గొల్లుమన్నారు. జయకేతు ఉడుకుమోతుతనం అరుణగిరిలో తెలియనివాళ్ళెవరు? నీళ్ళలో సీసం ఉందని విన్నా, అది సింధూరంలోదని అతని నోట నమ్మలేక విరజ కూడా అనుమానంగానే చూసింది.

ఇక మాటలు పనికిరావు. ఈర్ష్యాపరుడి మాట నమ్మాలంటే ఈర్ష్య లేదని రుజువు కావాలి. అది అతని దగ్గర లేదు. ఈర్ష్య నిలువెల్లా మండుతూనే ఉంది. అయినా మొలకు చుట్టుకున్న తలపాగా విప్పి, పొడి నీళ్ళలో పడకుండా సింహం ఎడమ చెంపకింద దోపి, బాకు తీసి తన సింధూరాన్ని గీకడం మొదలుపెట్టాడు. పెచ్చులు పెచ్చులుగా ఊడివస్తోంది. ఒక్కో పెచ్చూ ఊడుతుంటే ఒంటిచర్మం ఊడినట్టే ఉంది. ఇది మొదటిరోజు పూసింది. ఇది ఆమె నవ్వినరోజు పూసింది. ఇది వాణ్ణి చూసి కుళ్ళుకుని పూసింది. చివరికి నల్లటి రాయి బయటపడింది. నవ్వులు ఆగిపోయాయి. తన పూతను తుడుచుకున్నవాడికి ఇక విరజమీద హక్కు లేదు.

“అయితే వరుడు తేలిపోయాడు!” అని తామ్రశిఖుడు చప్పట్లు చరిచాడు. “రత్నద్వీప రాకుమారా, గిన్నె అందుకో!”

మకరాంకుడు గిన్నె అందుకున్నాడు. సింహం కుడి చెంపమీదుగా జారుతున్న నీళ్ళు పట్టాడు. విరజముందుకు వచ్చి నిలబడ్డాడు. పొద్దున తోటలో చూసిన దృశ్యమే జయకేతు మళ్ళీ చూడవలసివచ్చింది. అదే చెయ్యి, అవే పెదవులు.

విరజ గిన్నెలోకి చూసింది. తరువాత మకరాంకుడి కళ్ళలోకి చూసింది.

“రాకుమారా, దళవాయి చెప్పింది నిజమో కాదో మీకు తెలిసే ఉంటుంది. సీసం సంగతి మొదట నాకు చెప్పింది మీరే. తాగమంటే తాగుతాను. తాగమంటారా?”

మకరాంకుడు గిన్నె కాస్త ఎత్తాడు, మళ్ళీ దించాడు. ‘అను! తాగమని అను!’ అనుకున్నాడు జయకేతు మనసులో. అంతలోనే తన కోరిక తనకే అసహ్యమేసింది. వాడు తాగమంటే వాడు నీచుడని తేలిపోతుంది, నిజమే. కానీ తాగేది విరజ కదా!

“వద్దు,” అన్నాడు మకరాంకుడు. గిన్నె రాతిమీద గిరాటేశాడు. “నాకు తెలుసు. గుహ చూశాను. నేను మానితే ఇతను నిన్ను గెలుచుకుంటాడని మానలేదు. తిత్తులతో నీళ్ళు తెచ్చి నిన్నొక్కదాన్నీ కాపాడుకుంటే చాలనుకున్నాను. ఊరి సంగతి ఆలోచించలేదు. క్షమించు విరజా!” అని ఉత్తరీయం తొట్టిమీద పరిచి, సింహం కుడి చెంపను తానే గీకసాగాడు. అతని చెంపలమీద కన్నీళ్ళు ధారలు కడుతున్నాయి.

విరజ కళ్ళు కూడా చెమర్చాయి.

అది చూశాడు జయకేతు. తాను తుడిచినప్పుడు ఆమె ఏడ్చిందా? గుర్తులేదు. బహుశా ఏడవలేదు. నగరం బతికింది, ఆమె బతికింది, సింహం ముఖం సింహం ముఖంలా కనిపిస్తోంది. సంతోషించవలసిన ఆ క్షణంలో అతని ఒళ్ళు మళ్ళీ భగ్గుమంది. వీడు తుడవడం కూడా తనకంటే అందంగా తుడుస్తున్నాడే! బాకు పట్టుకుని తానూ వెళ్ళి, వాడి పక్కనే నిలబడి, సింహం ముక్కుమీద మిగిలిన మరకను గీకనారంభించాడు. ఒకరికంటే ఒకరు వేగంగా గీకుతున్నారు.

“ద్రోహులు! పట్టుకోండి!” అని కేకపెట్టాడు తామ్రశిఖుడు. భటులు కదల్లేదు. వాళ్ళంతా తమ తమ చేతులవంక చూసుకుంటున్నారు. పని చెడిందని గ్రహించి మాంత్రికుడు సొరంగంలోకి దూరాడు. లోపల ఎక్కడో ఒక పెద్ద రాతితలుపు దబ్బుమని పడింది.

సింహధార ఆగిపోయింది.

పుట్టినప్పటినుంచీ వింటున్న నీటిచప్పుడు ఆగేసరికి జనానికి చెవులు గింగురుమన్నాయి. తొట్టి అంచులు చుక్క చుక్కగా కారి ఊరుకున్నాయి. అంతలో కొండ కడుపులోంచి గుర్రుమనే మోత మొదలైంది. అడ్డుపడిన నీరంతా వెనక పోగై రాతిని నెడుతోంది. సింహం నుదుటిమీద సన్నని బీట పడింది. అది ముక్కుదాకా పాకింది. దవడకిందే ఇద్దరూ నిలబడి ఉన్నారు.

“తప్పుకో!” అని విరజ గొంతు చించుకుని అరిచింది. ఆ మాట వెంటే ఒక పేరు కూడా అరిచింది. కొండ మోతలో ఆ పేరు కలిసిపోయింది.

ఏ పేరు?

రాయి పగులుతున్న చప్పుడు నెత్తిమీదే వినిపిస్తోంది. దూకవలసిన జయకేతు దూకలేదు. వాడికి వినిపించిందేమోనని మకరాంకుడి ముఖంలోకి చూశాడు. మకరాంకుడు కూడా దూకకుండా, అదే ప్రశ్నతో జయకేతు ముఖంలోకి చూస్తున్నాడు. అలా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండగా సింహం తల కొండనుంచి విడివడి, వెనకనున్న నీటినంతా వెంటేసుకుని వాళ్ళమీదికి ఒరిగింది.